పికప్ బండి కుదుపులు తగ్గించడం ఎలా: కమాన్ పట్టీల నుంచి బ్రేకు వాల్వు దాకా

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పికప్ బండికి ఏడాది పొడవునా ఒకే రకం పని ఉండదు. జూన్, జూలై నెలల్లో తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి మామిడి మోస్తుంది. మిగతా రోజుల్లో టమాటా క్రేట్లు, పాల క్యాన్లు, ఇటుకలు, పశుగ్రాసం, పెళ్లి సామాను. వెళ్లేటప్పుడు నిండు లోడు, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ తొట్టి. పొద్దున తోటలో మట్టిబాట, మధ్యాహ్నం నాలుగు వరుసల రహదారి, సాయంత్రం ఘాట్ దిగుడు. వీటన్నింటికీ ఒకే కమాన్ కట్ట, అంటే ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగు, సరిపోవాలి.

బండి కొడుతోందని షెడ్డుకు తీసుకెళితే సాధారణంగా రెండు సలహాలు వినిపిస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఎగిరితే ఒక పట్టీ తీసేయమంటారు. లోడుకు కుంగితే ఒక పట్టీ అదనంగా వేయమంటారు. ఈ రెండూ అన్నిటికంటే చివర ఆలోచించాల్సినవి. కుదుపులకు ఎక్కువసార్లు కారణం పట్టీల సంఖ్య కాదు. తప్పుగా కొట్టించిన గాలి, పట్టీల మధ్య తుప్పు, ప్రాణం పోయిన రబ్బరు, ఆయిలు కారిపోయిన షాక్ అబ్సార్బరు, ఇవే అసలు కారణాలు. ముందు బండిని కంపెనీ నుంచి వచ్చినప్పటి స్థితికి తీసుకురండి. అప్పటికీ నడక నచ్చకపోతే మార్పుల సంగతి చూడవచ్చు. కింద చెప్పిన పనులన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. ఈ వరుస తప్పితే డబ్బు ఖర్చవుతుంది, కుదుపు మాత్రం పోదు.

ఖాళీ బండి ఎందుకు ఎగురుతుంది

పని మొదలుపెట్టే ముందు ఒక్క లెక్క అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. స్ప్రింగు పని బరువు మోయడం. షాక్ అబ్సార్బరు పని ఆ స్ప్రింగు ఊగుడును ఆపడం. షాక్ అబ్సార్బరు బరువు మోయదు, స్ప్రింగు తనంతట తాను ఊగడం ఆపుకోలేదు.

ఉదాహరణకు ఒక వైపు కమాన్ కట్ట 100 మిల్లీమీటర్లు అణగడానికి 800 కిలోలు కావాలనుకుందాం. ఖాళీ బండిలో ఆ వైపు కట్ట మీద 200 కిలోలే ఉంటే అది 25 మిల్లీమీటర్లే అణుగుతుంది. ఆ స్థితిలో బండి వెనుక భాగం సెకనుకు మూడుసార్లకు పైగా ఊగుతుంది. మనం దాన్ని ఊగుడుగా కాదు, దెబ్బగా అనుభవిస్తాం. అదే కట్ట మీద 800 కిలోలు పడితే ఊగుడు సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లకు తగ్గుతుంది. అది ఇంచుమించు కారు నడక. అందుకే మామిడి లోడుతో మెత్తగా పోయిన బండి, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు అదే గుంతలో నడుము విరిచినట్టు కొడుతుంది.

అంటే ఖాళీ పికప్ కొంత గట్టిగా ఉండటం లోపం కాదు, అది బరువు కోసం పుట్టిన బండి లక్షణం. మనం తగ్గించాల్సింది ఆ సహజమైన గట్టిదనం మీద అదనంగా వచ్చి చేరిన దాన్ని.

మీ బండి కింద ఏముందో వంగి చూడండి. వెనుక దాదాపు అన్ని పికప్‌లలోనూ కమాన్ పట్టీలే. ముందు వైపు తేడా ఉంటుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డి-మ్యాక్స్ వీ-క్రాస్‌లో ముందు చక్రాలకు విడివిడి ఆర్ములు, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. అశోక్ లేలాండ్ దోస్త్ లాంటి వాటిలో ముందు కూడా కమాన్లే. ఒకే పేరున్న బండికి కూడా ఏడాదిని బట్టి, రకాన్ని బట్టి ముందు భాగం మారుతుంది కాబట్టి పక్కవాడి బండిలో చేసిన పని మీ బండికి పనికొస్తుందని అనుకోవద్దు.

మొదటి అడుగు: కొలతలు రాసుకోవడం

చదునైన సిమెంటు నేల మీద ఖాళీ బండిని నిలపండి. పెట్రోలు బంకు ఆవరణ సరిపోతుంది. నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా మడ్గార్డు అంచు దాకా ఎంత ఎత్తు ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవద్దు. టైరు గాలి, టైరు అరుగుదల ఆ కొలతను మార్చేస్తాయి.

కుడి ఎడమల మధ్య తేడా 15, 20 మిల్లీమీటర్లు దాటితే ఒక వైపు కట్ట అలసిపోయిందని, లేదా దానిలో పట్టీ విరిగిందని అనుమానించాలి. లోడుతో మళ్లీ ఇదే కొలత తీయండి. ఖాళీకీ లోడుకీ మధ్య ఎంత అణుగుతోందో తెలుస్తుంది. ఈ కాగితాన్ని ఆర్.సి. నకలుతో పాటు బండిలోనే ఉంచుకోండి. రేపు ఏ పని చేయించినా అది మేలు చేసిందో కీడు చేసిందో చెప్పే సాక్ష్యం ఇదొక్కటే.

తర్వాత కాటా. నిండు లోడుతో బండి మొత్తాన్ని ఒకసారి, వెనుక చక్రాలను మాత్రమే ఇంకోసారి తూకం వేయించండి. మొత్తం బరువును ఆర్.సి.లో రాసిన స్థూల బరువుతో పోల్చండి. చాలామంది లోడు అంటే సరుకు బరువే అనుకుంటారు. డ్రైవరు, క్లీనరు, తొట్టికి బిగించిన ఇనుప ఊచలు, టార్పాలిన్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఎత్తుగా కట్టించుకున్న బాడీ ఒక్కటే ఎన్నో క్రేట్ల బరువును మింగేస్తుంది. కాటా చీటీ అనుమతికి మించి చూపిస్తే మీ సమస్య కమాన్లలో లేదు, లోడులో ఉంది. దాన్ని ఏ మెకానిక్కూ బాగుచేయలేడు.

రెండో అడుగు: గాలి

పైసా ఖర్చు లేకుండా నడక మార్చేది ఇదే. టైరు కూడా ఒక స్ప్రింగే, రోడ్డును మొదట తాకే స్ప్రింగు. డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద గానీ, యజమాని పుస్తకంలో గానీ గాలి పట్టిక ఉంటుంది. చాలా పికప్‌లకు అందులో ఖాళీకి ఒక అంకె, లోడుకు ఇంకో అంకె ఉంటాయి. వెనుక చక్రాలకు ఈ రెండింటి మధ్య తేడా పెద్దది. లోడు గాలితో నెలల తరబడి ఖాళీగా తిరిగే బండ్లు ఎన్నో. వాటి వెనుక భాగం ఎగరకుండా ఎలా ఉంటుంది?

రెండు మూడు రోజులు ఖాళీగా తిరిగే పని ఉంటే పట్టికలోని ఖాళీ అంకెకు దించండి. లోడు ఎక్కించే ముందు తప్పనిసరిగా పెంచండి. ఖాళీ గాలితో లోడు మోయడం, గట్టిగా నడిచే బండి కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. టైరు పక్కగోడ మడతలు పడుతూ వేడెక్కుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు రేణిగుంట దారిలోనో, శ్రీకాళహస్తి దారిలోనో రోడ్డు పక్క పేలిన టైరుతో నిలిచే బండ్లలో చాలావాటి కథ ఇదే.

గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలక ముందు. నడిచి వేడెక్కిన టైరులో అంకె ఎక్కువ చూపిస్తే దించవద్దు. చల్లారాక అది తక్కువైపోతుంది. సొంత గేజి ఒకటి కొనుక్కోండి. బంకుల్లో గేజీలు ఒకదానితో ఒకటి సరిపోలవు.

మూడో అడుగు: చప్పుడు వినడం

బండిని మనిషి నడక వేగంతో ఒక స్పీడు బ్రేకరు మీదుగా నడపండి. కిటికీలు దించి, పాటలు ఆపి, ఒకరిని పక్కన నడవమనండి.

కిర్రు కిర్రుమనే శబ్దం పట్టీల మధ్య తుప్పుదో, ఎండిపోయిన బుష్‌దో (పట్టీ కన్నులో పిన్ను చుట్టూ కూర్చునే గొట్టం). టక్కుమని ఒక్కసారి వచ్చే శబ్దం ఎక్కువగా అరిగిన షాకిల్ (కట్ట కొసన ఊగే లింకు) పిన్నుది, లేదా కట్టను యాక్సిలుకు బిగించే యూ బోల్టు వదులైనందుకు వచ్చేది. బ్రేకు వేసినప్పుడు, గేరు వేసి కదిలించినప్పుడు వెనుక నుంచి టక్కుమంటే యూ బోల్టు మీద అనుమానం ఇంకా బలపడాలి. దడదడ మోగితే షాక్ అబ్సార్బరు కొసల్లోని రబ్బరు పోయి ఉండవచ్చు. గుంతలో దభీమని మొత్తం బండి అదిరితే యాక్సిలు వెళ్లి బంప్ స్టాపరు రబ్బరును గుద్దుతోందని అర్థం. ఆ రబ్బరు ఉందో ఊడిపోయిందో చూడండి. ఊడిపోతే ఇనుము ఇనుమును కొడుతుంది, చాసిస్ పగులుతుంది.

వెనుక నుంచి వచ్చే ఇంకొకరిని మీ బండిని నేరుగా గమనించమనండి. ముందు చక్రాల జాడలో వెనుక చక్రాలు పడకుండా బండి కొంచెం అడ్డంగా పోతున్నట్టు కనిపిస్తే, కమాన్ పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి వెనుక హౌసింగ్ (వెనుక యాక్సిలు ఉండే ఇనుప గొట్టం) పక్కకు జరిగి ఉండవచ్చు. అప్పుడు ఇక కిరాయికి వెళ్లవద్దు.

నాలుగో అడుగు: కమాన్ కట్ట

అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడకండి.

ముందు భద్రత. చదును నేల, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు, హ్యాండు బ్రేకు. జాకీతో లేపాక చాసిస్ కింద గట్టి ఇనుప స్టాండ్లు పెట్టి బండిని వాటి మీదకు దించండి. జాకీ మీద నిలిచిన బండి కిందకు తల పెట్టకూడదు. ఇటుకలు, సిమెంటు రాళ్లు స్టాండ్లు కావు. అవి హెచ్చరిక లేకుండా పగిలిపోతాయి.

పట్టీలకు పట్టిన బురదను నీళ్ల ఒత్తిడితో కడిగి ఆరబెట్టండి. తీగ బ్రష్షుతో రుద్ది, టార్చి వేసి ప్రతి పట్టీనీ చూడండి. పట్టీలు ఎక్కువగా విరిగేది రెండుచోట్ల. ఒకటి సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర, యూ బోల్టుల కింద. రెండోది మెయిన్ పట్టీ చివర బుష్ కూర్చునే కన్ను దగ్గర. పగులు మొదట్లో సన్నటి తుప్పు గీతలా కనిపిస్తుంది. పట్టీల మధ్య ఒక వైపు సందు, మరో వైపు మెరుపు ఉంటే అక్కడ పట్టీ వంపు మారింది. పట్టీలను పక్కకు చెదరకుండా పట్టి ఉంచే క్లిప్పులు కూడా చూడండి. క్లిప్పు తెగితే బండి ఎగిరి దిగినప్పుడు భారమంతా మెయిన్ పట్టీ ఒక్కటే మోస్తుంది.

విరిగిన పట్టీకి వెల్డింగ్ వేయించవద్దు, ఎంత నిపుణుడు వేస్తానన్నా సరే. కమాన్ ఉక్కుకు ఆ సాగే గుణం ప్రత్యేకమైన వేడి, చల్లార్పుల వల్ల వచ్చింది. వెల్డింగ్ వేడి తగిలినచోట ఆ గుణం పోయి, పట్టీ వెల్డు పక్కనే మళ్లీ విరుగుతుంది. చాసిస్ మీద ఏదైనా వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా నిప్పురవ్వలు పట్టీల మీద పడకుండా తడి గోనె కప్పించండి.

కుంగిన పట్టీలకు సుత్తితో వంపు కొట్టించడం చాలా షెడ్లలో చేసే పనే. కొంతకాలం ఎత్తు నిలుస్తుంది, తర్వాత మళ్లీ కుంగుతుంది. ఒక పట్టీ విరిగి మిగతావి బాగుంటే ఆ ఒక్కటి అదే మందం, అదే పొడవుతో మార్చవచ్చు. రెండు మూడు పోయినా, ఎత్తు కొలతలో రెండు వైపులూ కుంగినా కట్టలే మార్చండి, రెండు వైపులా ఒకేసారి. ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది ఉంటే బండి ఎప్పుడూ ఒక భుజం వంచుకునే నిలుస్తుంది.

కట్ట విప్పే పని ఇంట్లో పెట్టుకోవద్దు. సెంటర్ బోల్టు వదిలేటప్పుడు బిగబట్టి ఉన్న పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. గట్టి క్లాంపులతో పట్టి మెల్లగా వదలాలి. తిరుపతి ఆటోనగర్‌లో కమాన్ పనే చేసేవారి దగ్గర చేయించుకోండి, దగ్గరుండి చూడండి.

*పట్టీల మధ్య నూనె సంగతి.* వాడేసిన ఇంజిన్ ఆయిలు, డీజిలు కలిపి పట్టీల మీద కొట్టించడం మన దగ్గర పాత అలవాటు. వారం రోజులు బండి మెత్తగానే నడుస్తుంది. తర్వాత ఆ నూనె దుమ్మును, ఇసుకను పట్టి పట్టీల మధ్య అరగదీసే ముద్దగా మారుతుంది. కారిన నూనె రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది, బ్రేకు డ్రమ్ము దాకా పోతే ఇంకా చేటు. సరైన పని ఇది: కట్ట విప్పినప్పుడు ప్రతి పట్టీని తుప్పు పోయేదాకా రుద్ది, రంగు వేసి, ఆరాక పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకునేచోట గ్రాఫైటు గ్రీజు పలుచగా పూసి బిగించడం. కంపెనీ పట్టీల కొసల్లో ప్లాస్టిక్ ప్యాడ్లు ఇచ్చి ఉంటే గ్రీజు వద్దు, అరిగిన ప్యాడ్లు మార్చండి. పట్టీల మధ్య రాపిడి ఎక్కువైతే చిన్న చిన్న గతుకులకు కట్ట అసలు కదలదు. ఇనుప దిమ్మెలా మొత్తం దెబ్బను పైకి పంపిస్తుంది. తుప్పు వదిలిన కట్ట, ఒక పట్టీ తీసేసిన కట్ట కంటే మెత్తగా నడవడం చాలా బండ్లలో చూడవచ్చు. ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేయించగలిగితే ఇది చేయించండి.

*బుష్‌లు, షాకిల్.* కట్ట అణిగినప్పుడు దాని పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటిచ్చే ఊగే లింకే షాకిల్. అది బిగుసుకుపోతే కట్ట అణగలేదు, బండి కొట్టక తప్పదు. మీ బండిలో బుష్ రబ్బరుదా, లోహానిదా ముందు తేల్చుకోండి. రెంటి సేవ పూర్తిగా వేరు.

లోహపు బుష్ అయితే పిన్నుకు గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉంటుంది. చాసిస్‌ను లేపి కట్ట మీద బరువు తీసేశాక గ్రీజు గన్నుతో పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి, కొత్తది కనిపించేదాకా పంపండి. బరువు మీద ఉన్నప్పుడు కొడితే భారం పడే వైపుకు గ్రీజు చేరదు. వానాకాలంలో మట్టిబాటల్లో తిరిగే బండికి పుస్తకంలో చెప్పిన గడువు కంటే ముందే ఇది చేయించాలి.

రబ్బరు బుష్‌కు గ్రీజు తగలకూడదు. కొత్తది దూర్చేటప్పుడు సబ్బునీళ్లు చాలు. ఇక్కడ చాలామంది మెకానిక్‌లు వదిలేసే ఒక విషయం ఉంది. రబ్బరు బుష్ బోల్టులను చివరిసారి బిగించేది బండి నేల మీద తన బరువుతో నిలిచి ఉన్నప్పుడే. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది. నడక గట్టిపడుతుంది, కొద్ది నెలల్లోనే రబ్బరు చిరుగుతుంది. పైన వేలాడుతుండగా చేతికందినంత బిగించి, దించాక పూర్తిగా బిగించమని మీరే అడగండి.

*యూ బోల్టులు.* హౌసింగ్‌ను కమాన్ కట్టకు కట్టిపడేసేది ఇవే. ఒకసారి పూర్తిగా బిగించి విప్పిన యూ బోల్టు సాగి ఉంటుంది. కట్ట విప్పితే కొత్తవే వేయండి. నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, పుస్తకంలో ఇచ్చిన టార్కు (బిగింపు బలం) దాకా, దాన్ని కొలిచే టార్క్ రెంచితోనే బిగించాలి. పానాకు పైపు తొడిగి బలం కొద్దీ లాగడం బిగింపు కాదు. మొదటి లోడు ప్రయాణం తర్వాత పట్టీలు సర్దుకుని నట్లు వదులవుతాయి. 100 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య ఇంకోసారి మళ్లీ బిగించండి. యూ బోల్టు వదులైతే సెంటర్ బోల్టు మీద భారం పడి అది తెగుతుంది. ఇందాక చెప్పిన అడ్డంగా నడిచే బండికి మూలం ఇదే.

ఐదో అడుగు: షాక్ అబ్సార్బర్లు

కారుకు చేసినట్టు ఒక మూల నొక్కి వదిలి చూసే పరీక్ష పికప్ వెనుక భాగానికి పనికిరాదు. కమాన్లు గట్టివి, మనిషి బరువుకు కదలవు. దానికి బదులు గతుకుల దారిలో పావుగంట నడిపి ఆపి, నాలుగు షాక్ అబ్సార్బర్ల ఒంటిని జాగ్రత్తగా తాకి చూడండి. పనిచేస్తున్నది వెచ్చబడుతుంది, ఎందుకంటే అది ఊగుడును వేడిగా మారుస్తుంది. మిగతా మూడూ వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే అది చచ్చిపోయింది. సైలెన్సరుకు దగ్గరగా ఉన్నదాని వేడిని చూసి మోసపోవద్దు.

ఒంటి మీద పలుచటి తడి, దానిపై దుమ్ము ఉంటే కొంత గమనిస్తూ నడపవచ్చు. ఆయిలు చారలుగా కారితే మార్చాల్సిందే. టైరు మీద చేయి తిప్పితే ఎత్తుపల్లాలుగా, గుంటలు గుంటలుగా అరిగినట్టు తగిలితే చక్రం రోడ్డు మీద ఎగురుతూ పోతోందని అర్థం. మార్చేటప్పుడు ముందు రెండూ కలిపి, లేదా వెనుక రెండూ కలిపి మార్చండి. కొత్తదాన్ని బిగించే ముందు నిలువుగా పట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగండి, లోపల ఆయిల్లో చేరిన గాలి బయటికి పోతుంది. గ్యాసు నింపిన రకాన్ని కోయడం, వేడి చేయడం ప్రాణాంతకం.

ముందు వైపు బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, స్టెబిలైజర్ బార్ లింకులు, చక్రాల బేరింగులు ఇదే సందర్భంలో ఊపి చూడండి. వదులుగా కదిలేవి మార్చి, ఆ తర్వాతే వీల్ అలైన్‌మెంటు చేయించండి. అరిగిన జాయింట్లతో చేయించిన అలైన్‌మెంటు ఆ షెడ్డు గేటు దాటేదాకా కూడా నిలవదు.

ఆరో అడుగు: ఇప్పుడు మార్పులు

ఇంతవరకూ చేశాక చాలామందికి ఇక మార్పు అవసరం ఉండదు. ఇంకా కావాలనుకుంటే తక్కువ హాని నుంచి ఎక్కువ హాని వైపుగా చెబుతాను.

అన్నిటికంటే మంచి మార్పు నాణ్యమైన షాక్ అబ్సార్బర్లు, మంచి సీటు. కంపెనీ కొలతలకు సరిపోయే, కొంచెం ఎక్కువ పట్టు ఉన్న షాక్ అబ్సార్బరు ఖాళీ బండి ఎగురుడును నిజంగా తగ్గిస్తుంది. పొద్దంతా బండి నడిపేవారి నడుముకు సీటులో మంచి ఫోము చేసే మేలు తక్కువేమీ కాదు, చట్టపరంగా చిక్కూ లేదు.

తర్వాతివి సాయపు స్ప్రింగులు: కమాన్‌కూ చాసిస్‌కూ మధ్య పెట్టే రబ్బరు బఫర్లు, గాలి బెలూన్లు. ఖాళీగా ఉన్నప్పుడు మూల కట్ట స్వభావాన్ని ఎక్కువగా మార్చకుండా లోడు పడ్డప్పుడు మాత్రమే పనిలోకి రావడం వీటి మంచి గుణం. అయితే అవి చాసిస్ మీద ఒకే బిందువు దగ్గర భారం మోపుతాయి. ఆ చోట చాసిస్ ఆ భారం కోసం రూపొందలేదు. లోడు మోసే శక్తి కిలో కూడా పెరగదు.

పట్టీ తీసేయడం. ఇంట్లో వాడకానికి, తక్కువ బరువులకు మాత్రమే బండి నడిపేవారు దీన్ని ఆలోచించవచ్చు. కానీ కట్ట మందం తగ్గుతుంది కాబట్టి సెంటర్ బోల్టు, యూ బోల్టుల పొడవు కూడా మారాలి. మిగిలిన పట్టీల మీద ఒత్తిడి పెరుగుతుంది. కిరాయి బండికి ఇది పనికిరాదు. మామిడి కాలంలో ఒక్క నిండు లోడు చాలు, పట్టీలు విరగడానికి.

పట్టీ అదనంగా వేయడం. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. బండి కుంగడం తగ్గుతుంది, దానితో ఎక్కువ మోయగలదన్న భ్రమ కలుగుతుంది. హౌసింగ్, బేరింగులు, టైర్లు, చాసిస్, బ్రేకులు పాతవే. ఖాళీ నడక మరింత చెడుతుంది.

కమాన్ కింద దిమ్మెలు పెట్టి బండిని ఎత్తు చేయించడం ఈ ప్రాంతపు రోడ్లకు నాకు అవసరంగా కనిపించదు. బరువు కేంద్రం పైకి పోతే మలుపుల్లో బండి ఒరగడం పెరుగుతుంది, గేరు బాక్సు నుంచి వెనుక చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి అదురు మొదలవుతుంది. ముందు యాక్సిలుకు దిమ్మెలు పెట్టడం, ఒక దిమ్మె మీద ఇంకో దిమ్మె పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

ఎవరూ చెప్పని బ్రేకు వాల్వు

చాలా పికప్‌లలో చాసిస్‌కూ వెనుక హౌసింగ్‌కూ మధ్య ఒక సన్నటి కడ్డీ, దానికి అమర్చిన చిన్న వాల్వు కనిపిస్తాయి. అది లోడును పసిగట్టే బ్రేకు వాల్వు. ఖాళీ బండి వెనుక భాగం తేలిక, కాబట్టి గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు ముందే బిగుసుకుని బండి తిరిగిపోతుంది. అది జరగకుండా ఈ వాల్వు ఖాళీ బండిలో వెనుక బ్రేకు ఒత్తిడిని తగ్గిస్తుంది. లోడు పడి బండి కుంగగానే కడ్డీ కదిలి ఒత్తిడిని పెంచుతుంది. అంటే వాల్వుకు బరువు తెలియదు, బండి ఎంత కుంగిందో మాత్రమే తెలుసు.

ఇప్పుడు ఒక పట్టీ అదనంగా వేసిన బండిని ఊహించండి. తొట్టి నిండా సరుకు ఉంది, కానీ కొత్త పట్టీ వల్ల బండి కుంగలేదు. బండి ఖాళీగా ఉందని వాల్వు అనుకుంటుంది. వెనుక బ్రేకులకు తక్కువ ఒత్తిడే అందుతుంది. పలమనేరు నుంచి చిత్తూరుకు దిగే మొగిలి ఘాట్‌లో, పీలేరు వైపు నుంచి తిరుపతికి వచ్చే భాకరాపేట ఘాట్‌లో నిండు బండిని ముందు బ్రేకులే ఆపాల్సి వస్తుంది. అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఎత్తు చేసిన బండికీ, గాలి బెలూన్లు బిగించిన బండికీ ఇదే ప్రమాదం.

కాబట్టి వెనుక ఎత్తును మార్చే ఏ పని చేయించినా, కొత్త కట్టలు వేయించినా, ఈ వాల్వు అమరికను కంపెనీ సర్వీసు సెంటరులో సరిచూపించాలి. కడ్డీని చేతితో వంచి సరిచేయడం, తీగతో కట్టేయడం చేయవద్దు. మీ బండిలో ఆ కడ్డీ ఊడి వేలాడుతోందేమో ఈరోజే చూడండి.

చట్టం, ఫిట్‌నెస్

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో నమోదైన వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182-ఎ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అధిక లోడుకు 194వ సెక్షన్ కింద రూ.20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రూ.2,000. రవాణా బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ ముందుగా వెతికేది కూడా ఇలాంటి మార్పులనే.

లోడు సర్దడం

బరువైనవి తొట్టి ముందు గోడకు, అంటే క్యాబిన్‌కు దగ్గరగా, కింద వరుసలో ఉండాలి. వెనుక హౌసింగ్ దాటి చివర బరువు పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది. పాల క్యాన్లను ఖాళీ లేకుండా బిగించి కట్టండి. సగం నిండిన క్యాన్లలో పాలు ఊగి మలుపుల్లో బండిని అటూ ఇటూ లాగుతాయి. టమాటా క్రేట్లను ఎత్తుగా పేర్చాల్సి వస్తే పై వరుసలను అడ్డంగా, నిలువుగా రెండు వైపులా తాళ్లతో కట్టండి. నడక బాగున్న బండిలో అడుగు క్రేట్లలో చితికే కాయలు తగ్గుతాయి. మార్కెట్‌లో మీ సరుకుకు పలికే ధరలో ఆ తేడా కనబడుతుంది.

ఘాట్ దిగేటప్పుడు ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే ఉండండి. దిగుడులో బ్రేకు వేస్తే బరువు ముందుకు మళ్లి ముందు స్ప్రింగులు బాగా అణిగి ఉంటాయి కాబట్టి, ఆ స్థితిలో గుంత తగిలితే దెబ్బ నేరుగా చాసిస్‌కే. గుంత కనిపిస్తే దానికి ముందే బ్రేకు వేసి, గుంతలోకి దిగేటప్పుడు బ్రేకు వదలండి. అప్పుడు స్ప్రింగు కదలడానికి చోటు మిగులుతుంది.

ఎప్పుడెప్పుడు ఏం చూడాలి

గాలి వారానికోసారి, లోడు మారినప్పుడల్లా. యూ బోల్టు నట్లు, క్లిప్పులు, వాల్వు కడ్డీ నెలకోసారి కంటితో, చేతితో. నట్టు మీదా ప్లేటు మీదా కలిసేలా తెల్ల రంగుతో ఒక గీత గీయండి. నట్టు కదిలితే గీత తప్పుతుంది, పానా లేకుండానే తెలిసిపోతుంది. లోహపు బుష్‌లకు గ్రీజు పుస్తకం చెప్పినప్పుడు, బురదలో తిరిగే కాలంలో అంతకంటే ముందు. మామిడి కాలం మొదలయ్యే ముందు మే నెలలో ఒకసారి, కాలం ముగిశాక ఆగస్టులో ఒకసారి ఎత్తు కొలతలు తీసి పాత కాగితంతో పోల్చండి. రెండు కొలతల మధ్య ఒక వైపు మాత్రమే తగ్గితే ఆ వైపు కట్టను విప్పించి చూడండి. రెండు వైపులా సమానంగా కొద్దిగా తగ్గితే ఇంకో కాలం నడుస్తుంది.